కిరసనాయిలు డబ్బాలో వచ్చిన మేడి

పోయిన నెల బరంపురం లంజిపల్లిలో మా చిన్నవాడు కొత్త ఇంట్లోకి గృహప్రవేశం చేశాడు. నవగ్రహ హోమానికి కావలసిన సరుకంతా పంతులుగారు చెప్పిన కొట్టు నుంచి ఒకే అట్టపెట్టెలో దిగింది. సమిధలు ఒక ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. తొమ్మిది చిన్న కట్టలు, కట్టకో ఎర్ర దారం, దారానికో చీటీ. శుక్రుడి కట్టకున్న చీటీ మీద ‘మేడి’ అని అచ్చేసి ఉంది. చేసే పనేమీ లేక కళ్ళజోడు పెట్టుకుని, ఆ కట్టలోంచి ఒక పుల్ల తీసి విరిచి వాసన చూశాను. మామిడి పుల్ల.

పంతులుగారికి చూపించాను. మా మనవడి ఈడు కుర్రాడు. పుల్ల వైపు చూడనైనా చూడలేదు. “మేడి ఇప్పుడెక్కడ దొరుకుతుంది మామ్మగారూ? ఏదో ఒక పుల్ల. సంకల్పం ముఖ్యం” అని నవ్వి, మంత్రం ఎత్తుకున్నాడు.

ఒళ్ళు మండిపోయింది. మా కోడలు దూరం నుంచే ఊరుకోమని కళ్ళతో బతిమాలింది. ఊరుకున్నాను. హోమం జరిగింది, భోజనాలు జరిగాయి, ఆ ఇంటి గోడలు కూలిపోలేదు. నా కోపం మామిడి పుల్ల మీద కాదు. సంకల్పం ముఖ్యం అనే ఈ మాట నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక్కరి నోటంటైనా ఎందుకు రాలేదని నా కోపం. వచ్చి ఉంటే మా మామ్మ తల దించుకుని పోయేది కాదు.

మాది బరంపురానికి దక్షిణాన చిన్న ఊరు. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. పొలాల గట్లకు మొగలి పొదలే కంచెలు. వానాకాలంలో పొత్తులు విచ్చేవేళకు ఊరంతా ఆ వాసన కమ్ముకుని తలనొప్పి పుట్టించేది. అత్తరు బట్టీలవాళ్ళు పొద్దుటే వచ్చి పువ్వులు కోయించుకుపోయేవారు. వాళ్ళు పోయాక గాని మిగతా వాసనలు పైకి వచ్చేవి కావు. ఉడుకుతున్న ధాన్యం, ఎండుచేపలు, పేడ, మా పెరట్లో పండిన మేడిపళ్ళు.

మేడి అంటున్నానుగాని, ఆ చెట్టు మేడి అవునో కాదో తెలియకనే ఈ గొడవంతా వచ్చింది. నూతి దగ్గర, స్నానాల నీళ్ళు పారే చోట ఉండేది. ఆకు ఒక్కొక్కటి అన్నం విస్తరంత. లేత ఆకు రాగి రంగు, ముదిరితే గరుకు. పొద్దున్న చద్దన్నం మామ్మ మాకు ఆ ఆకుల్లోనే పెట్టేది, పక్కన ఉప్పులో నానిన మామిడి ముక్క. కాయలు మొదట్లోనే, నేలకు జానెడు ఎత్తు నుంచే మానుకు గుత్తులు గుత్తులుగా వేలాడేవి. చిన్న గుండ్రటి వంకాయంత ఉండి, పైన నూగు. పండితే ముదురు ఎరుపు. లోపల గులాబీ రంగు గుజ్జు, జామపండూ బెల్లప్పాకమూ కలిసిన వాసన.

అన్నిటికంటే వింత, ఆ పళ్ళలో పురుగు ఉండేది కాదు. వాగు అవతలి మేడిపండు ఏది విప్పినా చిన్న చిన్న పురుగులు బిలబిలమంటూ లేచేవి. మాది మాత్రం ఎన్ని విప్పినా శుభ్రంగా ఉండేది. అయినా పిల్లలం అలవాటుగా విప్పి, ఉఫ్ అని ఊది, అప్పుడు తినేవాళ్ళం.

పేరు మాత్రం తలా ఒకటి చెప్పేవారు. మా నాన్న దాన్ని సీమమేడి అనేవాడు. పక్కింటి ఒడియా ఆవిడను మేం మావుసి అని పిలిచేవాళ్ళం, ఆవిడ మటుకు బొడొ డిమిరి, అంటే పెద్ద మేడి, అంటూ పచ్చికాయలు ఒడినిండా కోసుకుపోయి ఆవముద్ద వేసి వండి, మాకో గిన్నెడు పంపేది. చేపలు తెచ్చే ఆవిడ, ఆకు గరుకుగా ఉంది కాబట్టి బొమ్మమేడి అని తేల్చేసింది. ఒక్క మామ్మ మాత్రమే దాన్ని రంగం మేడి అనేది.

మా తాత పెళ్ళైన కొత్తలో రంగం వెళ్ళిపోయాడట. రంగూనుని మావాళ్ళు అలాగే అనేవారు. అక్కడ బియ్యం మిల్లులో చాలా ఏళ్ళు పనిచేసి, చివరిసారి స్టీమరు మీద గోపాలపురం రేవులో దిగినప్పుడు ఒక చేతిలో ట్రంకుపెట్టె, రెండో చేతిలో కిరసనాయిలు డబ్బా ఉన్నాయట. డబ్బాలో ఈ మొక్క. ఓడలో తన తాగే నీళ్ళలోంచి దానికి పోశాడని మామ్మ చెప్పేది. దాన్ని నాటిన ఏడాదికే తాత పోయాడు. “అక్కడోళ్ళు దీనికేదో పేరు సెప్పీవోరట. ఆ పేరు ఆయనతోనే పోనాది” అనేది. ఈ కథ వింటే పెద్దవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు. ముసలమ్మ మొగుడి గుర్తుగా చెట్టుకో కథ కట్టుకుందని మా పెద్ద మేనత్తే అనేది. మామ్మ వినీ విననట్టు ఉండేది.

ఆ చెట్టెక్కడం నాకు నిషేధం. ఆడపిల్ల చెట్టెక్కకూడదని ఒకటి, పై కొమ్మల పళ్ళు అమ్మవారికి నైవేద్యం పెట్టేదాకా ముట్టకూడదని ఇంకొకటి. ఒకసారి దొరికిపోతే నాన్న ఈతబెత్తంతో కాళ్ళ మీద నాలుగు వాతలు తేల్చాడు. వాతలు మానగానే మళ్ళీ ఎక్కాను. కింద పళ్ళు చేతికి అందుతుంటే పైకెందుకు ఎక్కాలంటే, పైన కూర్చుంటే ఆ ఆకుల మధ్య మనిషి కనిపించదు. ఇంట్లో నాకంటూ ఉన్న చోటు అదొక్కటే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం, అలా పైన ఉన్నాను. పరికిణీలో అరడజను పళ్ళు. కింద మామ్మ నూతిగట్టు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. ఊరి పంతులుగారు చిన్న కత్తి పట్టుకుని పెరటి దారినే వచ్చారు. ఎవరింట్లోనో హోమం, శుక్రుడికి మేడి సమిధలు కావాలి. అసలు మేడి వాగు అవతల ఉంది గాని దారంతా మోకాలిలోతు బురద, అంతదూరం ఎవడు పోతాడు, ఈ చెట్టుది కోసుకుంటానన్నారు.

మామ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

“బావూ, ఇది మన మేడి కాదు. మా ఇంటాయన రంగం నుంచి తెచ్చినాడు. దీని పేరేటో నాకే తెల్దు. దేవుడి పనికి పనికొస్తాదో రాదో, తెలిసినోల్ని అడిగి మరీ కొయ్యండి.”

పంతులుగారు నవ్వారు. “గిల్లితే పాలు కారుతున్నాయి. మానుకు కాయలు కాస్తున్నాయి. మేడి కాక మరేమిటే? శాస్త్రం నువ్వు నాకు చెప్పకు.”

సరిగ్గా అప్పుడే నేను కొరికి పట్టుకున్న పండు జారిపోయి మామ్మ భుజం మీద పడింది. ఆవిడ పైకి చూడలేదు. పురుగును దులిపినట్టు దులిపేసింది. పంతులుగారు రెండు కొమ్మలు నరుక్కుని వెళ్ళిపోయాక, చింతపండు చేట ఎత్తుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు, “దిగీటప్పుడు కొమ్మ సూసుకుని దిగాల” అని ఇంట్లోకి పోయింది.

ఆ తర్వాత మూడేళ్ళు మా ఊళ్ళోనూ చుట్టుపక్కలా జరిగిన ప్రతి హోమానికీ శుక్రుడికి మా చెట్టు పుల్లలే. పంతులుగారే వచ్చి, ఆయన కత్తితోనే కోసుకుని, ఆయన సంచిలోనే పెట్టుకుపోయేవారు. మామ్మ ఇంకోసారి చెప్పలేదు. చెప్పి ఏం లాభం?

నాలుగో ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరంతా కలిసి పెద్ద హోమం తలపెట్టారు. గోదావరి వైపు నుంచి ఒక వృద్ధ పండితుణ్ణి పిలిపించారు. ఆయన పీట మీద కూర్చుని సమిధలు ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ మేడి పుల్ల దగ్గర ఆగిపోయాడు. గోటితో బెరడు లేపాడు, విరిచాడు, వాసన చూశాడు. మేడి పుల్ల ఇంత లావు ఉండదనీ, దీని మీద నూగు ఏమిటనీ అడిగాడు. పాపం, ఆయన ఇంకే మాటా అనలేదు. వేరే పుల్లలు తెప్పించమన్నాడంతే. ఇద్దరు మగవాళ్ళు వాగు దాటి వెళ్ళి గంటలో అసలు మేడి తెచ్చారు. గంట. మూడేళ్ళుగా ఎవరూ నడవలేనిది ఆ గంట దారే.

ఇక్కడే మా పంతులుగారు ఆ మాట అన్నారు. “నాకేం తెలుసు, ఆ ముసలమ్మ మేడి అని చెప్పి ఇచ్చింది.”

అంత తేలిగ్గా, భుజం మీద కండువా సర్దుకుంటూ, ఎదురుగా మా నాన్న కూర్చుని ఉండగా అన్నారు. మా నాన్న తల దించుకున్నాడు తప్ప, అడుగుదాం ఉండండి అనలేదు. ఇప్పటికీ నాకు తెలియదు, పంతులుగారు నిజంగా మరిచిపోయారో, తెలిసే అబద్ధమాడారో. ఏదైతేనేం.

అంతే, మూడేళ్ళ కష్టాలన్నీ వరసగా లేచి మా గుమ్మంలోకి వచ్చాయి. ఒకరి ఎద్దు కుంటిదైతే మా చెట్టే. ఒకరి అబ్బాయి మెట్రిక్ తప్పితే మా చెట్టే, వాడు ఏడాదంతా పేకాడిన సంగతి ఎవరికీ గుర్తులేదు. ఒకరి కోడలు పుట్టింటి నుంచి తిరిగి రాకపోతే శుక్రుడికి కోపం వచ్చిందన్నారు. ఆ పిల్లకు అత్తగారు అన్నం పెట్టేది కాదని వీధి వీధంతటికీ తెలుసు. ఏళ్ళ తరబడి మామ్మ రోజూ పొద్దున్నే గుడికి నందివర్ధనాలు పంపేది. ఆవిడ చేతి పువ్వు వద్దని సజ్జ వెనక్కి పంపేశారు. మామ్మ పువ్వులు తీయకుండానే సజ్జను గుంజకు తగిలించింది.

పరిహారం ఏమిటో తేల్చడానికి ఊరి పెద్ద ఇంటి అరుగు మీద కూర్చోవాలని ఒక రోజు పెట్టుకున్నారు. చెట్టును వేళ్ళతో సహా తవ్వెయ్యాలనే మాట అప్పటికే వినిపిస్తోంది. నాకు పదకొండేళ్ళు. నా బుర్రకు ఒకటే తోచింది. ఆ చెట్టు పేరు కనుక్కుంటే మామ్మ చెప్పింది కట్టుకథ కాదని తేలుతుంది, అందరి నోళ్ళూ మూతపడతాయి.

నేను ఎంత తిరిగానో. ఒక ఆకూ రెండు కాయలూ పట్టుకుని మావుసిని అడిగాను, బడి మాస్టారిని అడిగాను, అత్తరు బట్టీవాళ్ళని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. చివరకు బరంపురంలో కాలేజీలో చదువుతున్న మా చిన్నాన్న కాళ్ళావేళ్ళా పడి, వాళ్ళ వృక్షశాస్త్రం లెక్చరరు దగ్గరకు తీసుకెళ్ళమన్నాను. ఆకు మడత పడకుండా పాత ఒడియా పేపర్లలో పెట్టి, బస్సులో వొళ్ళో పెట్టుకుని వెళ్ళాను.

లెక్చరరు ఒడియా ఆయన, బక్కపల్చగా ఉన్నాడు. ఆకును బల్ల మీద పరిచి, స్కేలుతో కొలిచి, కాయను నిలువుగా కోసి భూతద్దంతో చూసి, లోపలి గదిలోంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. చాలాసేపు పేజీలు తిప్పాడు. తర్వాత నాకు అర్థమయ్యేలా ఒడియాలో నెమ్మదిగా చెప్పాడు. ఇదీ మేడి కుటుంబమేగాని మన మేడి కాదు, తూర్పు కొండల్లోనూ బర్మాలోనూ పెరుగుతుంది. ఒక్కో మేడి జాతికి ఒక్కో పురుగు ఉంటుంది, అది లోపలికి దూరితేనే గింజ కడుతుంది. దీని పురుగు సముద్రం దాటి రాలేదు, అందుకే మీ పళ్ళు అంత శుభ్రంగా ఉన్నాయి, అందుకే వీటి గింజ ఎన్నటికీ మొలవదు. ఈ జిల్లాలో ఇలాంటిది ఇంకొకటి ఉంటుందని అనుకోను, ఒక రోజు వచ్చి చూస్తాను అన్నాడు. ఒక కాగితం మీద దాని శాస్త్రీయ నామం ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కింద ‘బర్మా’ అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. మామ్మ మాట నిజం. తాత డబ్బా నిజం. సంతకంతో సహా నా చేతిలో ఉంది.

ఆ కాగితం ముందు మామ్మకు చూపించాల్సింది. చూపించలేదు. అందరిలోనూ ఒక్కసారి బయటపెట్టి ఆవిడ మొహం వెలిగిపోవడం చూడాలనుకున్నాను. పెద్దలు కూర్చున్న రోజు చిన్నాన్న దాన్ని గట్టిగా చదివి, బర్మా మొక్క అని అర్థం చెప్పాడు.

పంతులుగారు చెయ్యి చాపి కాగితం తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి, అందరికీ కనిపించేలా పైకెత్తారు.

“చూశారా? చదువుకున్నవాళ్ళే రాసిచ్చారు, ఇది మేడి కాదని. నన్ను ఈ ముసలమ్మ మోసం చేసింది.”

మేడి కుటుంబమే అన్నారు కదా అని చిన్నాన్న ఏదో గొణిగాడు. అది ఎవరికీ ఎక్కలేదు. ఎక్కడెక్కడో తిరిగి, బస్సులో వొళ్ళో పెట్టుకుని, నేను తెచ్చింది మా మామ్మ మీద సాక్ష్యం.

అప్పుడు మామ్మ నోరు విప్పింది. అరుగు కింద, స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. “నాను ముందే సెప్పినాను బావూ, ఇది మన మేడి కాదని. మీరే నవ్వి కోసుకెల్లినారు.”

పంతులుగారు అలాంటి మాటే తను వినలేదన్నారు. ఊరి పెద్ద చెడ్డమనిషేమీ కాదు. చెప్పానంటున్నావు కదమ్మా, ఆ మాట నువ్వు అనగా విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

నేను ఆవిడకు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. పక్కన నాన్న. విన్నాను అంటే ఎక్కడ నుంచి విన్నావు అంటారు. చెట్టు మీద నుంచి అనాలి. నైవేద్యం పెట్టని పళ్ళు వొళ్ళో వేసుకుని అనాలి. ఈతబెత్తం గుర్తొచ్చింది. అంతమంది మగవాళ్ళ మధ్య ఆడపిల్ల నోరెత్తితే ఏమవుతుందో అది కూడా గుర్తొచ్చింది.

మామ్మ నా వైపు చూసింది. ఒక్కసారే. నేను చూపు దించేసుకున్నాను.

“ఎవులూ నేరు బావూ” అంది.

మర్నాడు పొద్దున్నే గొడ్డళ్ళు వచ్చాయి. చెట్టు పచ్చిది, గొడ్డలి వేటు వేటుకీ పాలు చిమ్మేవి. కొట్టేవాళ్ళ చేతులు జిగురై గొడ్డలి పట్టు జారిపోతుంటే, మామ్మే లోపల నుంచి బూడిద తెచ్చి ఇచ్చింది చేతులకు రాసుకోమని. వేళ్ళు తవ్వించి ఆ గోతిలో పంతులుగారు ఏవో నీళ్ళు చల్లారు. పాత హోమాలన్నిటికీ శాంతి ఆయనే చేయించారు. పెద్దరికమూ ఆయనకే దక్కింది. ఒక కొమ్మ ముక్క ఎక్కడైనా తడి నేలలో గుచ్చుదామని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. లెక్చరరు రెండు వారాల తర్వాత సైకిలు మీద నిజంగానే వచ్చాడు. పూడ్చిన గొయ్యి చూసి టోపీ తీసి కాసేపు నిలబడి, మావుసి ఇచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ చెట్టును చూడాలని అంతదూరం వచ్చిన మనిషి ఆయనొక్కడే.

మామ్మ మరి ఆరేళ్ళు బతికింది. గుడికి మళ్ళీ పువ్వు పంపలేదు. నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. చద్దన్నం మాత్రం ఆ తర్వాత కంచంలో పెట్టేది. ఆవిడ అని ఉంటే, కనీసం ఒక్కసారి కసిరి ఉంటే, ఇంత మంట ఉండేది కాదు నాకు. నన్ను ఆవిడ కాపాడింది. దేన్నుంచి? నాలుగు బెత్తం దెబ్బల నుంచి. అందుకు తన మాట పోగొట్టుకుంది, తాత తెచ్చిన చెట్టును పోగొట్టుకుంది.

ఇన్నేళ్ళూ నేను పంతులుగారిని తిట్టుకున్నాను. ఊరిని తిట్టుకున్నాను. మా నాన్న దించుకున్న తలను తిట్టుకున్నాను. తిట్టడం మానను, వాళ్ళు దానికి తగినవాళ్ళే. కానీ లంజిపల్లి ఇంట్లో ఆ మామిడి పుల్ల చేతిలో పట్టుకుని, కోడలు కళ్ళతో వద్దంటే నోరు మూసుకుని కూర్చున్నప్పుడు, అలా కూర్చోవడం నాకు కొత్త కాదని గుర్తొచ్చింది. ఆ చెట్టుకు సరైన పేరు తేవడానికి బరంపురం దాకా పోయిన నేను, విన్నమాట చెప్పడానికి నాలుగు అడుగులు వెయ్యలేకపోయాను.

ఆ రోజు అడిగిన పెద్దమనిషి లేడు. పంతులుగారూ లేరు. మామ్మ ఎప్పుడో పోయింది. అయినా అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉంది కనుక చెబుతున్నాను. ఆవిడ చెప్పింది. ఇది మన మేడి కాదు బావూ, తెలిసినోల్ని అడిగి మరీ కొయ్యండి అని నిలబడి చెప్పింది. నేను విన్నాను. పైనే ఉన్నాను, చెట్టు మీద.